ఎన్ని కాన్పులు?

మా అత్తగారి మీద నాకున్న ఫిర్యాదు ఒక్కటే. ఆవిడ రాగం తీస్తారు. తీయలేదంటారు.

ఇరవై మూడేళ్ళ కాపురంలో ఇంతకంటే పెద్దది దొరకలేదా అని మా చెల్లెలు అడిగింది. పెద్దవైతే నలుగురూ జాలిపడతారు, కాలక్షేపం అవుతుంది. చిన్నదే ప్రాణం తీస్తుంది. రోజూ పొద్దున్న పది కాగానే, చిక్కుడుకాయల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని నారలు తీస్తూ ఉండగా ఆవిడ గొంతులోంచి ఒక కూనిరాగం బయల్దేరుతుంది. మాటలుండవు. మూడు మెట్లెక్కుతుంది, పక్కకు తిరుగుతుంది, నాలుగో మెట్టు మీద కాలు పెట్టబోయి ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. మళ్ళీ మొదటి మెట్టు. పెళ్ళయిన దగ్గర్నుంచి నేను గరిటె పట్టుకుని ఆ నాలుగో మెట్టు కోసం ఎదురుచూస్తూనే ఉన్నాను.

“అత్తయ్యా, ఆ పాటేదో పూర్తి చేసెయ్యకూడదూ?”

“ఏ పాటే?”

“ఇప్పుడు మీరు తీసింది.”

“నేనా? నేనెప్పుడు తీశాను? నీ చెవుల్లో గాలి చేరినట్టుంది. కాస్త వెల్లుల్లి నూనె వేసుకో.”

సాక్ష్యం లేనిదే ఒప్పుకునే మనిషి కాదు పేరిందేవి గారు. అందుకని ఒక రోజు ఫోను బియ్యం డబ్బా వెనకాల దాచిపెట్టి, మూడు నిమిషాల పన్నెండు సెకన్ల పాటు రికార్డు చేశాను. దానికి ‘సాక్ష్యం’ అనే పేరు పెట్టాను. మా ఆయన భానోజీరావు విద్యుత్ శాఖలో ఇంజినీరు. ఫోను చెవికి ఆనించుకుని శ్రద్ధగా విని, “ఫ్రిజ్ సౌండులా ఉంది” అన్నారు. ఊళ్ళో ఏ తీగలో కరెంటుందో చెప్పగలరు గాని, తల్లి విషయంలో ఆయన మీటరు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉంటుంది.

బీఎస్సీ వృక్షశాస్త్రం చదివి వంటింట్లో స్థిరపడిన దానికి ఇలాంటి పరిశోధనలే మిగులుతాయి. ఆ మూడు నిమిషాలూ ఎవరిని పిలవడానికి పనికొస్తాయో అప్పటికి నాకు తెలియదు.

ఆ వేసవిలో అత్తయ్య అన్నం తగ్గించారు. నాలుగు ముద్దలకే చాలనేవారు. మామిడికాయ పప్పు చేసినా చాలన్నప్పుడు నాకు అనుమానం వచ్చింది. పొట్ట మాత్రం పెరిగింది. అనకాపల్లిలో డాక్టరు స్కానింగ్ తీయించి, కాగితం కేసి చూసి, మా కేసి చూడకుండా విశాఖపట్నం వెళ్ళమన్నాడు.

కొండ మీద, సముద్రం కనబడే ఆసుపత్రి. సర్జను పేరు డాక్టర్ సువార్త. నా వయసే ఉంటుంది. మాట మెత్తన, చూపు గట్టి. మమ్మల్ని కూర్చోబెట్టి, కాగితం మీద బొమ్మ వేసి చూపించింది. క్యాన్సర్ జీర్ణాశయంలో పుట్టింది. గోడ దాటి బయటికొచ్చింది. పొట్ట లోపలంతా పల్చటి పొర ఒకటి పరుచుకుని ఉంటుందట. దాని మీద గింజలు చల్లింది.

“ఇంట్లో ఆవాల డబ్బా ఒలికిందనుకోండి. ఎంత ఊడ్చినా?” అని అడిగింది నన్ను.

“పదిహేను రోజులు కాలికి తగులుతూనే ఉంటాయి.”

“అదీ మా బాధ. జీర్ణాశయం తీసేస్తాం, పొర ఒలుస్తాం, వేడి మందు పోసి కడుగుతాం. అయినా కంటికి ఆనని గింజలు మిగిలిపోతాయి. కానీ ఆవాలు మూకుట్లో వేడెక్కితే ఏం చేస్తాయి?”

“చిటపటమంటాయి.”

“మేం కనిపెట్టిందీ అంతే. వేడి తగిలితే ప్రతి కణమూ వణుకుతుంది. ఆ వణుకు వినబడేలా చేశాం. చెవితో వెతికి, ఉన్నచోటికి వెళ్ళి తీసేస్తాం.”

ఆ వినే యంత్రాన్ని వాళ్ళు శ్రుతిపెట్టె అంటారు. దాన్ని నడిపే మనిషి దాలినాయుడు. యాభై దాటాయి. అంతకు ముందు ముప్ఫై ఏళ్ళు పెళ్ళిళ్ళకీ తీర్థాలకీ మైకుసెట్టు పెట్టేవాడట. పెద్ద చదువుల వాళ్ళని పదిమందిని పరీక్షించి, వాళ్ళెవరికీ లేని చెవి ఇతనికుందని డాక్టరమ్మ తీసుకొచ్చింది.

కేసు షీటు నింపడం మొదలుపెట్టారు. పేరు, వయసు, బీపీ, షుగరు.

“ఎన్ని కాన్పులమ్మా?”

“ఒకటి,” అన్నారు అత్తయ్య, సముద్రం కేసి చూస్తూ.

“పోయిన పిల్లలు, మధ్యలో పోయిన కడుపులు?”

“ఒకటన్నాగా.”

ఈ వయసులో కాన్పుల గొడవెందుకని మా ఆయన చిరాకుపడ్డారు. ఎందుకో డాక్టరమ్మ చెప్పింది. బిడ్డ కడుపులో ఉండగా బిడ్డ కణాలు కొన్ని తల్లి ఒంట్లోకి దిగిపోతాయట. కాన్పయినా పోవు, ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోతాయి. వాటి స్వరం ముందే తెలుసుకుని పక్కన పెట్టాలి. లేకపోతే గింజలనుకుని కోసేస్తారు.

దాలినాయుడు మా ఆయన బుగ్గలోంచి దూదితో కాస్త తడి తీసుకుని, పెట్టెలో పెట్టి, వేడి చేసి వినిపించాడు. ట్రాన్స్‌ఫార్మర్ కింద నిలబడితే వినబడేలాంటి శబ్దం. ఈయన నలభై ఎనిమిదేళ్ళు వచ్చినా అమ్మ కడుపులోంచి పూర్తిగా బయటికి రాలేదని నాకు మొదట్నుంచీ అనుమానం. అది శాస్త్రీయంగా రుజువైనందుకు ఆ కష్టకాలంలోనూ కొంచెం సంతోషించాను.

వారం తర్వాత పొద్దున్నే శబ్దపరీక్ష. పొట్టకి చిన్న రంధ్రం చేసి, గోరువెచ్చటి నీళ్ళు ఎక్కించి, సన్నటి తీగ లోపలికి పంపారు. అత్తయ్య మెలకువగానే ఉన్నారు. నేనూ మా ఆయనా గోడ పక్కన స్టూళ్ళ మీద కూర్చున్నాం. దాలినాయుడు ముందు అత్తయ్య సొంత కణాల స్వరం తగ్గించాడు. తర్వాత మా ఆయన ట్రాన్స్‌ఫార్మరు తగ్గించాడు.

“ఇంకా రెండున్నాయండి,” అన్నాడు.

ఒకటి బొంగురుగా, ఎక్కడో దూరాన పొలంలో మోటారు ఆడుతున్నట్టు ఉంది. రెండోది చాలా సన్నం. తడివేలితో స్టీలు గ్లాసు అంచు మీద రాస్తే వస్తుందే, అలాంటిది. తెర మీద మొదటిది నల్లచుక్కలుగా, రెండోది ఎర్రచుక్కలుగా కనబడుతోంది. ఎక్కడ నల్లచుక్క ఉంటే దాని చుట్టూ ఎర్రచుక్కలు మూగి ఉన్నాయి.

గోడ మీద గడియారం పది చూపించింది. అత్తయ్య, భయానికో అలవాటుకో, రాగం తీశారు. మూడు మెట్లు, ఒక మలుపు.

ఎర్రచుక్కలు కదిలాయి. బెల్లం ముక్క కేసి చీమలు పాకినట్టు, పొట్టలో ఎక్కడెక్కడున్నవీ లేచి, పైకి, గొంతు వచ్చే వైపుకి రావడం మొదలుపెట్టాయి. రాగం ఆగింది. అవీ ఆగి, సన్నగా ఏదో అన్నాయి. గదిలో ఏసీ ఎక్కువైనట్టనిపించి కొంగు కప్పుకున్నాను.

డాక్టరమ్మ కళ్ళు మెరిశాయి. “రెండో రకం కదులుతోంది! కదిలే గింజే అన్నిటికన్నా ప్రమాదం. అమ్మా, మళ్ళీ ఒక్కసారి ఆ రాగం తీయండి.”

“ఏ రాగం?” అన్నారు అత్తయ్య.

అందరం నవ్వాం. దాలినాయుడు ఒక్కడే నవ్వలేదు.

ఆ కదలికనే వాడుకుందామంది డాక్టరమ్మ. ఎర్రవాటిని రాగంతో ఒకచోటికి రప్పించి ఒక్క ఊపున గీసెయ్యవచ్చు. నల్లవాటిని మామూలు పద్ధతిలో తీసేస్తుంది. కానీ ఆపరేషనప్పుడు అత్తయ్య మత్తులో ఉంటారు.

“ఇంట్లో ఇంకెవరికైనా ఆ రాగం వచ్చా?”

నేను ఫోను తీశాను. ‘సాక్ష్యం’ బయటికొచ్చింది. ఆ క్షణంలో నాకెంత గర్వంగా ఉందో చెప్పుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

ఆపరేషను పొద్దున్న ఏడున్నరకి మొదలై సాయంత్రం దాకా సాగింది. నాలుగింటికి దాలినాయుడు టీ కోసం బయటికొచ్చాడు. టీ తాగలేదు, కప్పు పట్టుకుని నిలబడ్డాడు.

“మూడుసార్లు ఏసేమమ్మా మీ ఫోను. మూడుసార్లూ వచ్చీసాయి. సాయంత్రం కోళ్ళు గూటికొచ్చినట్టు. వచ్చినవి వచ్చినట్టు డాక్టరమ్మ గీసీసింది. పరిశోధనకని కొన్ని సీసాలో పెట్టేరు.”

“మంచిదేగా నాయుడు గారూ?”

“మంచిదేనమ్మా.” కప్పు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. “మైకు ముందు నిలబడితే ఎకో ఏదో, మనిషి ఏదో తెలుస్తాది నాకు. ఇది ఎకో కాదు.”

“అంటే?”

“ఏం నేదమ్మా. మీరు కంగారు పడకండి.”

అత్తయ్య ఇరవై రోజులకి ఇంటికొచ్చారు. జీర్ణాశయం లేదు, రోజుకి ఏడెనిమిదిసార్లు గరిటెడేసి తినాలి. “హోమియోపతి భోజనం” అని ఆవిడే పేరు పెట్టారు. మనిషి కోలుకుంటున్నారు. చుట్టాలొచ్చి నన్ను మెచ్చుకుని వెళ్ళారు. రిపోర్టుల్లో అంతా శుభ్రం.

రాగం మాత్రం మారింది.

పది కాగానే మొదలవుతుంది. మూడు మెట్లు, మలుపు, ఆగడం. ఆగి, తల కొంచెం పక్కకి వాల్చి వింటారు. కళ్ళు పళ్ళెం మీద ఉండవు, ఎక్కడా ఉండవు. మళ్ళీ తీస్తారు, ఈసారి కొంచెం గట్టిగా. మళ్ళీ వింటారు. ఇదివరకు నాలుగైదుసార్లతో సరిపెట్టేవారు. ఇప్పుడు పన్నెండయినా ఆగదు. వీధిలో ఆడుకునే పిల్లని అన్నానికి పిలుస్తూ, పలక్కపోతే గడప దాకా, గేటు దాకా, మలుపు దాకా వెళ్ళే తల్లి గొంతులా ఉండేది. ఆఖరికి మా ఆయన కూడా పేపరు దించి, “అమ్మ ఏదో అంటున్నట్టుందే?” అన్నారు. ఇన్నేళ్ళలో ఆయనకి అది వినబడడం అదే మొదటిసారి. నాకు గెలిచినట్టనిపించాలి. అనిపించలేదు.

ఒకరోజు చిక్కుడుకాయలు అలాగే వదిలేసి నా కేసి చూశారు.

“వినబడట్లేదే హైమా.”

“ఏమిటి అత్తయ్యా?”

“ఏం లేదులే.”

“ఇందాకట్నించీ రాగం తీస్తున్నారు, గొంతు ఎండిపోతుంది. కాసిని మంచినీళ్ళు తాగండి.”

“నేనేం తీయలేదు,” అన్నారు. అనడమైతే అన్నారు గాని, అందులో ఇదివరకటి ఉప్పూకారం లేదు.

మూడో నెల పొట్టలో మళ్ళీ నీరు చేరింది.

శ్రుతిపెట్టె పెడితే సన్న స్వరం ఎక్కడా లేదు. బొంగురుది ఒక్కటే, పొట్ట నిండా. ఒక పొలంలో మోటారు కాదు, ఊరంతా మోటార్లు వేసినట్టుంది. దాలినాయుడు పాత పటాన్నీ కొత్త పటాన్నీ పక్కపక్కన పెట్టాడు. ఎర్రచుక్కలు కాపున్నంత కాలం నల్లచుక్క ఒక్కటీ గీత దాటలేదు. ఎర్రవి ఎక్కణ్ణించి లేచి వెళ్ళిపోయాయో, సరిగ్గా అక్కణ్ణించే నల్లవి పాకాయి. ముందు తీసినప్పుడు దాక్కున్నవి, అడ్డం లేకపోయేసరికి విచ్చుకున్నాయి.

డాక్టరమ్మ రెండు పటాలనీ మళ్ళీ పోల్చి చూసింది. తర్వాత, “మీరిద్దరూ ల్యాబుకి రండి” అంది.

చిన్న గది. బల్ల మీద వెచ్చగా ఉంచే గాజు పెట్టె, అందులో ఊరగాయ జాడీ అంత సీసా, సీసాలో పాలరంగు నీళ్ళు. పైన ఎవరో తెల్లటి తుండుగుడ్డ కప్పారు. సీసాకి తగిలించిన తీగ స్పీకరు దాకా వెళ్ళింది.

“గుడ్డెందుకు?” అన్నారు మా ఆయన.

“స్టాఫు కప్పీసేరండి. పదింటికి ఈ గదిలోకి ఎవరూ రారు,” అన్నాడు దాలినాయుడు. “రోజూ ఆ టైముకే పలుకుతాది. ఆదివారం కూడా. నేనూ చెవులు పట్టేసేయేమో అనుకున్నాను ముందు.”

గడియారం చూశాను. పదికి రెండు నిమిషాలుంది.

“మీ ఫోన్లో ఉన్నది వెయ్యండి,” అంది డాక్టరమ్మ.

వేశాను. అత్తయ్య గొంతు మూడు మెట్లెక్కింది, తిరిగింది, ఆగింది.

సీసా అందుకుంది.

సన్నటి, తడిగాజు గొంతు. నాలుగో మెట్టు మీద కాలు పెట్టింది. ఐదో మెట్టు ఎక్కింది. అక్కడ కొంచెం ఊగి, నెమ్మదిగా ఒక్కొక్కటే దిగి, బయల్దేరిన చోటికే వచ్చి ఆగింది. ఇరవై మూడేళ్ళుగా నేను ఎదురుచూసిన సగం అదే. ఎవరూ చెప్పక్కర్లేదు, వినగానే తెలిసింది. ఫోన్లో నిశ్శబ్దం ముగిసి అత్తయ్య గొంతు మళ్ళీ మొదలయింది. ఆ నిశ్శబ్దం ఎంతసేపో ఇంటికెళ్ళాక కొలిచాను. పదకొండు సెకన్లు, ప్రతిసారీ. సీసా పాడింది పదకొండు సెకన్లు. ఆవిడ ఎప్పుడూ పాట మధ్యలో ఆపలేదు. రెండోవాళ్ళకి వదిలారు.

రికార్డింగు ఆపేశాను.

డాక్టరమ్మ సూక్ష్మదర్శినిలో చూసింది చెప్పింది. ఈ సన్న స్వరం కణాల పక్కన క్యాన్సర్ గింజలు పెడితే రెండు రోజుల్లో వాడిపోతున్నాయి. విడిగా పెడితే ఏపుగా పెరుగుతున్నాయి.

“పరీక్ష చేయించాను. ఆడకణాలు. సగం మీ అత్తగారివి, సగం కావు. మీ ఆయనవి అసలు కావు.”

“అయితే బిడ్డవే కదండీ!” అన్నాను. చదివింది మొక్కల గురించే అయినా ఆ మాత్రం లెక్క నాకు తెలుసు.

“క్యాన్సర్ కణాలు కూడా తారుమారై, ఒక్కోసారి ఇలాగే సగం సగం కనబడతాయి. ఇంకో కాన్పు ఉందని కేసు షీటులో ఉంటే, వీటిని బిడ్డ కణాలనుకుని సీసాలో పెంచి తిరిగి ఆవిడ పొట్టలో ఉంచవచ్చు. కమిటీ ఒప్పుకుంటుంది, నా మనసూ ఒప్పుకుంటుంది. లేదంటే నా చేత్తో నేనే క్యాన్సర్ నాటినట్టు. నాలుగు వారాలకి మించి టైము లేదు. షీటులో ఒకటనే ఉంది.”

“ఒకటే,” అన్నారు మా ఆయన. మొహం ఎర్రబడింది. “మా అమ్మకి నేనొక్కణ్ణే. హైమా, నువ్వే చెప్పు. నేను తొలిచూలు, నువ్వు తొలిచూలు, జ్యేష్ఠమాసంలో చెయ్యకూడదని మన పెళ్ళి శ్రావణం దాకా ఆపలేదూ? అమ్మది అబద్ధమైతే పెళ్ళి ఆపేదా?”

గట్టి వాదనే. శ్రావణం దాకా ఆయన రాసిన ఉత్తరాలు ఇప్పటికీ బీరువాలో ఉన్నాయి. కానీ ఆ సీసా శ్రావణానికి లొంగేలా లేదు.

మర్నాడు అత్తయ్యని చక్రాల కుర్చీలో ల్యాబుకి తీసుకెళ్ళాం. అమ్మని భయపెట్టకు అని మా ఆయన దారిపొడుగునా నన్ను బతిమాలారు, మధ్యలో బెదిరించారు, చివరికి ఆయనే కుర్చీ తోశారు. అత్తయ్య బరువు సగమైంది. పొట్ట మీద చేతులు పెట్టుకుని, గదిలోకి రాగానే, “ఇదేం వాసనే, పాలు విరిగినట్టు?” అన్నారు.

డాక్టరమ్మ కుర్చీ ముందు వంగింది. “అమ్మా, మీ ఆరోగ్యం కోసమే మళ్ళీ అడుగుతున్నాను. ఎన్ని కాన్పులు?”

“ఎన్నిసార్లడుగుతావు తల్లీ? ఒకటి. అడుగో నిలబడ్డాడు, దుంగలాగా.”

పది కొట్టింది. ఆవిడ గొంతు దానంతట అదే బయల్దేరింది. మూడు నెలలుగా ఆ వేళకి ఆపుకోలేకపోతున్నారు. మూడు మెట్లు. మలుపు. ఆగి, అలవాటుగా తల పక్కకి వాల్చారు.

గుడ్డ కింద నుంచి సీసా నాలుగో మెట్టు ఎక్కింది.

నేను ఆవిడ మొహమే చూస్తున్నాను. భయపడతారనుకున్నాను. కెవ్వుమంటారని నర్సు కూడా సిద్ధంగా ఉంది. ఆవిడ భయపడలేదు. సంతలో తప్పిపోయిన పిల్ల ఎవరో పరాయివాళ్ళ చంకనెక్కి కనబడితే తల్లి చూస్తుందే, అలా చూశారు.

“అక్కడికెలా వెళ్ళింది?” అన్నారు.

మా ఆయన కుర్చీ వెనకాల బిగుసుకుపోయారు. చెప్పాల్సింది నేనే.

“మేమే తీశాం అత్తయ్యా. మీరు రాగం తీస్తుంటే నేను దొంగతనంగా ఫోన్లో పట్టాను, మిమ్మల్ని ఏడిపించడానికి. మీరు మత్తులో ఉండగా దాన్ని వేసి పిలిచారు. వచ్చింది. కోసేశారు.”

“నా గొంతనుకుని వచ్చిందా?”

“మూడుసార్లూ వచ్చింది.”

ఆవిడ నన్ను తిడితే బాగుండేది. చెయ్యి చాచి గాజు పెట్టె మీద ఆనించారు. వెచ్చగా ఉంది కాబోలు, అలాగే ఉంచేశారు.

“తొమ్మిది రోజులుంది,” అన్నారు. “ఇంకా బారసాల కాలేదు. పొద్దున్న పదింటికి నీళ్ళు పోసి ఒళ్ళో వేసుకుని ఈ రాగం తీసేదాన్ని. కడుపులో ఉన్నప్పుడూ తీశాను, తెలిసింది కాబోలు, సగం దాకా తీస్తే మిగతా సగానికి కాళ్ళాడించేది. తొమ్మిదో రోజు ఆడించలేదు. మా అత్తగారు మంచిదే, చెడ్డది కాదు. పేరు పెట్టని పిల్ల మనిషి కిందకి రాదు, ఏడవకు, ఎవరడిగినా చెప్పకు, చెబితే తర్వాత పుట్టేవాడికి అరిష్టం అంది. మర్నాటి నించి ఇంట్లో ఎవరూ దాని మాటెత్తలేదు. మీ మావగారితో సహా. ఏడాదిన్నరకి వీడు పుట్టాడు. తొలిచూలన్నారు, నేనూ తొలిచూలన్నాను.”

“మరి రాగం?” అన్నాను.

“పనిలో ఉండగా ఎప్పుడో దానంతటదే వచ్చేది. సగంలో ఆపితే మిగతాది లోపల్నించి వినబడేది. ఇక్కడ.” పొట్ట చూపించారు. “యాభై ఏళ్ళూ వినబడింది. చెబితే పిచ్చిదంటారు. మీ ఆపరేషనయ్యాక వినబడలేదు. పోయిందనుకున్నాను. మళ్ళీ పోయిందనుకున్నాను.”

“నాకు అక్కుందా?” అన్నారు మా ఆయన. ఆ గొంతు నలభై ఎనిమిదేళ్ళ ఇంజినీరుది కాదు.

“ఇన్నాళ్ళూ అది క్యాన్సర్ని ఎక్కడికక్కడ ఆపిందమ్మా,” అంది డాక్టరమ్మ. “తిరిగి లోపల పెడితే మళ్ళీ ఆపుతుందని నా ఆశ. ఖాయంగా చెప్పలేను.”

“అక్కడ దానికి నొప్పి ఉంటుందా?”

“తెలీదమ్మా.”

“ఇక్కడో?”

డాక్టరమ్మ సీసా కేసి చూసింది. దాలినాయుడు వెళ్ళి, చప్పుడు కాకుండా, సీసా మీద గుడ్డ తీసి మడతపెట్టాడు.

డాక్టరమ్మ కొత్త కేసు షీటు తెరిచింది. పద్ధతి ప్రకారం కాబోలు, మొదట్నుంచీ అడిగింది. పేరు. వయసు. తర్వాతి గడి దగ్గర కలం ఆగింది.

“ఎన్ని కాన్పులమ్మా?”

అత్తయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. పవిట సర్దుకున్నారు. ఈసారి సముద్రం కేసి చూడలేదు.

“రెండు. అప్పుడు ఒకటన్నాను, తప్పు చెప్పాను. యాభై ఏళ్ళ పాటు అందరికీ తప్పే చెప్పాను. మొదటిది ఆడపిల్ల. రాసుకో.”

కలం కదిలే చప్పుడు విని, రాసేదాకా చూసి, అప్పుడు నా వైపు తిరిగారు.

“రాగం తీసింది కూడా నేనేనే హైమా.”